ఉత్త ఛాయే తాగింది

నాకు ముక్కు మీద కోపం. చిన్నప్పుడు మా అమ్మ అనేది, ఇప్పుడు మా ఆయన అంటాడు, కోచింగ్ సెంటర్‌లో పిల్లలు నా వెనకాల అనుకుంటారు. అది నాకు తెలుసు, నేనేమీ దాచుకోను. దాని కన్నా పెద్ద జబ్బు ఇంకొకటి ఉందని మాత్రం ఈ మధ్యే తెలిసింది. నేను అనుకున్నదే రైటు అనుకునే జబ్బు అది. కోపానికైతే ఒక గ్లాసు చల్లటి మంచినీళ్లు చాలు. రెండోదానికి నాకింకా మందు దొరకలేదు.

ఏఎస్ రావు నగర్‌లో ఒక క్లినిక్ పక్కన ఇరుకు మెట్లెక్కితే మా సెంటర్ వస్తుంది. బ్యాంకు పరీక్షలకు, సర్కారు కొలువులకు చదివే పిల్లలుంటారు. నేను రీజనింగ్ చెప్తాను. అందులో ఒక రకం ప్రశ్నలుంటాయి: నాలుగు వాక్యాలిస్తారు, చివర ఒక నిర్ధారణ ఉంటుంది, ఆ నిర్ధారణలో లొసుగు ఎక్కడుందో పట్టుకోవాలి. సర్వేల మీద వచ్చేవంటే నాకు మరీ ఇష్టం. ఒక పత్రిక తన పాఠకులకు ఉత్తరాలు రాసి, మీరు రోజూ పేపరు చదువుతారా అని అడిగింది. దాదాపు అందరూ చదువుతామన్నారు. కాబట్టి ఊళ్లో జనమంతా పేపరు చదువుతున్నారు. ఇందులో తప్పేమిటి? కొత్త పిల్లలు తల గోక్కుంటారు. "పేపరే సదవనోడు ఆ ఉత్తరానికి జవాబు ఎందుకు రాస్తడ్రా నాయనా!" అని నేను బోర్డు మీద టకటకా కొడతాను. అందరూ నవ్వుతారు. ఆ నవ్వు వినడం నాకు బాగుంటుంది.

సర్వే కనపడగానే రెండు మాటలు అడగమని నేర్పుతాను. "ఎవర్ని అడిగిన్రు? ఏమని అడిగిన్రు?" ఈ రెండూ నేను ఎన్నిసార్లు అని ఉంటానంటే, పిల్లలు మెట్లు దిగుతూ నా గొంతుతోనే ఒకరినొకరు వెక్కిరించుకుంటారు. క్యాంటీన్‌లో సమోసా బాగుందని ఒకరంటే చాలు, ఎవర్ని అడిగినవ్, ఏమని అడిగినవ్ అని మిగతావాళ్లు మీద పడతారు. ఒకసారి నేను వెనకే దిగుతున్నానని చూసుకోలేదు. నేను కూడా నవ్వాను, కాస్త గర్వంగానే.

మేముండేది నాచారంలో. మా అత్తమ్మ మాతోనే ఉంటుంది. మామయ్య ఇక్కడి ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల నుంచి ఈ ఏరియాలో ఆమెకు తెలియని మనిషి లేదు. మామయ్య పోయిన తర్వాత మేం ఈ అపార్ట్‌మెంట్‌లోకి మారితే, నేను ఎదురింటావిడ పేరు తెలుసుకునే లోపల ఆమె అన్ని అంతస్తుల్లోనూ వరసలు కలిపేసింది. అలాంటి మనిషికి కళ్లు మసకబారాయి. మొదట సూదిలో దారం ఎక్కించలేకపోయింది, తర్వాత బియ్యంలో రాళ్లు కనపడలేదు, ఆ తర్వాత టీవీ ముందు కూర్చోవడమే మానేసింది. "బొమ్మలు గానొస్తలేవు బిడ్డా, రంగులే గానొస్తున్నయి" అంది ఒకరోజు. ఫిర్యాదు చేసినట్టు కాదు, సంగతి చెప్పినట్టు చెప్పింది.

దవాఖానాలో డాక్టరమ్మ చూసి, శుక్లం బాగా ముదిరింది, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది, కానీ షుగర్ ఇంత ఉండగా నేను కత్తి పట్టుకోను అంది. ముందు తగ్గించుకుని రండి, ఆలస్యం చేసేకొద్దీ కష్టం అవుతుంది అంది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఇంట్ల ఏం వెడుతున్నరమ్మా ఆమెకు?" అని అడిగింది. మామూలుగానే అడిగింది పాపం. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

ఇక చూసుకోండి. మర్నాటి నుంచి ఇంట్లో తెల్లన్నం తగ్గింది, జొన్నరొట్టె వచ్చింది. కాకరకాయ, మెంతికూర, పప్పు. చక్కెర డబ్బా అటక మీదికెక్కింది. ఛాయ్‌లో చక్కెర బంద్, ఒక్క అత్తమ్మకే కాదు, అందరికీ. "జైలు గూడ గింత ఘోరం ఉండదేమోనే" అన్నాడు మా ఆయన. అత్తమ్మ మాత్రం ఒక్క మాట అనలేదు. ఏది పెడితే అది తిన్నది. ఎట్లుంది అత్తమ్మా అంటే, "మంచిగున్నది బిడ్డా, నాకేమైతది" అన్నది. నేను నమ్మాను. నేను మంచి కోడలిని అని కూడా నమ్మాను.

మళ్లీ పరీక్ష చేయిస్తే షుగర్ దిగలేదు. దిగకపోగా కాస్త పెరిగింది. డాక్టరమ్మ రిపోర్టు చూసి, మీరేమో పథ్యం అంటున్నరు, ఇదేమో వేరే చెప్తున్నది అంది. ఆపరేషన్ వాయిదా పడింది. ఆటోలో తిరిగి వస్తుంటే అత్తమ్మ నా చెయ్యి తడుముకుని పట్టుకుని, "నా వల్ల నీకు మాటొచ్చె బిడ్డా" అంది. ఆమె చూపు పోతున్నది, ఆమె బాధపడుతున్నది నాకొచ్చిన మాట గురించి. నేను ఏమనాలి? నా మనసంతా ఒక్కటే రగులుతోంది. నా వంటతో షుగర్ పెరగదు. ఎవరో పెంచుతున్నారు.

మొదట ఆమెనే అడిగాను. "అత్తమ్మా, నిజం చెప్పు. బయటేమన్నా తింటున్నవా?"

"నీ తోడు బిడ్డా. ఏం తినలే."

మా అత్తమ్మ ఊరికే ఒట్టు పెట్టదు. సరే, అపార్ట్‌మెంట్‌లో పోయి కూర్చుంటుంది కదా, అక్కడ ఎవరైనా మొహమాటపెట్టి పెడుతున్నారేమో. మధ్యాహ్నాలు నేను క్లాసుకు పోతాను, మా ఆయన రైల్వేలో డ్యూటీకి పోతాడు. టీవీ కనపడని మనిషి ఒక్కతే ఎంతసేపని గోడలు చూస్తూ కూర్చుంటుంది? గోడలు మాత్రం కనపడతాయా? రెయిలింగ్ పట్టుకుని మెట్లెక్కి దిగి, నాలుగిళ్లలో నాలుగు మాటలు విని వస్తుంది. అందుకని ఒక సాయంత్రం నేను పై అంతస్తు నుంచి మొదలుపెట్టి కింది దాకా తలుపులన్నీ కొట్టాను. ఏ ఇల్లూ వదల్లేదు. శాంపిల్ సరిగ్గా ఉండాలి కదా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను గానీ, ఆ మాట అప్పుడు నిజంగానే అనుకున్నాను.

ప్రతి గుమ్మం దగ్గరా ఒకటే ప్రశ్న. "మా అత్తమ్మ మీ ఇంట్ల ఏమన్నా తింటున్నదా?"

"అయ్యో, ఏం తినదమ్మా. లడ్డు చేతుల వెట్టినా ముట్టది. మస్తు కంట్రోల్ ఆమెకు."

"ఏం తినది. జరసేపు కూసుంటది, కష్టం సుఖం మాట్లాడుతది, పోతది."

"ఎక్కడ తింటదమ్మా? ఉత్త ఛాయ్ తాగి లేస్తది. నేనే అంట, గింత బుక్కెడన్న తినరాదు పెద్దమ్మా అని."

అన్ని ఇళ్లలోనూ ఇదే మాట. ఎవరూ తడబడలేదు, ఎవరూ చూపు తప్పించలేదు. నేను మా ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూనే తేల్చేశాను. అపార్ట్‌మెంట్‌లో ఆమె ఏమీ తినడం లేదు. మా ఇంట్లో చక్కెర లేదు. బజారుకు ఒక్కతే పోలేదు. ఇక మిగిలింది ఒక్క మనిషి.

మా వదిన, అంటే మా ఆయన అక్క, ఉప్పల్‌లో ఉంటుంది. ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, ఆదివారం ఒక్కరోజే ఆమెకు తీరిక. ఆ తీరికలో ప్రతి ఆదివారం ఆటో పట్టుకుని తల్లిని చూడటానికి వస్తుంది. భుజానికి ఒక గుడ్డ సంచి ఉంటుంది. వస్తూనే నన్ను పలకరించి, అత్తమ్మ గదిలోకి పోయి తలుపు వేసుకుంటుంది. చాలాసేపటికి గానీ తియ్యదు. లోపల గుసగుసలు, ఒక్కోసారి నవ్వు. నేను తలుపు కొడితే, "ఆగు పిల్లా, వస్తున్న" అని ఏదో సర్దిన చప్పుడయ్యాక తలుపు తీస్తుంది. తల్లీకూతుళ్లు ఏం మాట్లాడుకుంటారోలే అని ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ మూసిన తలుపు, ఆ సంచి, ఆ సర్దుడు, అన్నీ కలిసి నా బుర్రలో లెక్క తేలిపోయింది. తల్లికి స్వీట్లంటే ప్రాణమని వదినకు తెలుసు. చప్పిడి కూడు తింటున్నదని జాలి కూడా ఉంటుంది. ఇంకేం కావాలి?

మా ఆయనకు చెప్తే, "అక్క గట్ల జేస్తదా? నువ్వేదో అనుకుంటున్నవ్" అన్నాడు. "మరెవరో చెప్పు" అన్నాను. ఆయన దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోతే నేను గెలిచినట్టేనని నా లెక్క.

ఆ ఆదివారం వదిన వచ్చేసరికి పై అంతస్తు ఆంటీ పెరుగు తోడుకని గిన్నె పట్టుకుని మా హాల్లో నిలబడి ఉంది. మా ఆయన పేపరు చదువుతున్నాడు. వదిన చెప్పులు విప్పి లోపలికి అడుగు పెట్టిందో లేదో, నేను అడిగేశాను.

"సంచిల ఏమున్నది వదినా?"

ఆమె టక్కున సంచి పట్టుకుంది. "ఏం లేదు పిల్లా."

"ఏం లేకపోతే సూపియ్యి."

"అమ్మ సామాన్లేవో ఉన్నయి. ఏమైంది, గట్లడుగుతున్నవ్?"

"ఏమైందా? ఆమె కన్ను పోతున్నది, గదీ అయింది! మేం ఇంట్ల నోరు గట్టుకుని సస్తుంటే నువ్వు వారం వారం తెచ్చి తలుపులేస్కొని తినిపిస్తున్నవ్. ఆపరేషన్ ఆగుడుకు కారణం నువ్వు."

మా ఆయన పేపరు కింద పడేసి లేచాడు. ఆయన నోరు తెరిచే లోపల నేను సంచి లాక్కున్నాను. లాక్కోవడమే కాదు, తలకిందులు చేసి టీపాయ్ మీద దులిపాను. ఒక పాత మెత్తటి తువ్వాలు పడింది. నెయిల్ కట్టర్ పడింది. చిన్న కొబ్బరినూనె సీసా, దూది, గాయాలకు పూసే మందు ట్యూబు పడ్డాయి. సంచి మళ్లీ దులిపాను. ఒక దువ్వెన పడింది. అంతే.

గదిలోంచి అత్తమ్మ గోడ తడుముకుంటూ వచ్చింది. అంతా విన్నట్టుంది. "నేనే తెమ్మన్న బిడ్డా. దాన్నేమనకు" అంది. చీర కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకుని కాలు ముందుకు పెట్టింది. బొటనవేలి పక్కన కోసుకుపోయి మానిన గాయం ఉంది. కనపడక, కత్తెరతో గోరు తీసుకోబోయి వేలు కోసుకుందట. షుగర్ ఉన్న కాలు అది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం కూతురొచ్చి వేడినీళ్లతో కాళ్లు కడిగి, తుడిచి, గోళ్లు తీసి, నూనె రాసి, తల దువ్వి పోతున్నది.

"నాకెందుకు చెప్పలే అత్తమ్మా?"

"నువ్వు పొద్దంత నిలవడి పాఠాలు చెప్పి అలిసి వస్తవు. ఇంటికొచ్చి ముసల్దాని కాళ్లు వట్టుకోమని ఎట్లంట? నాకే సిగ్గయింది. ఎవ్వరికి చెప్పకు, తలుపేసి జెయ్యమని నేనే అన్న."

పై అంతస్తు ఆంటీ తోడు తీసుకోకుండానే గిన్నెతో వెళ్లిపోయింది. వదిన కింద కూర్చుని ఒక్కొక్కటీ ఏరి సంచిలో వేసుకుంది. ఏడవలేదు, తిట్టలేదు. ఆ పూట నేను భూమిలోకి కుంగిపోయి ఉండాల్సింది. ఆమె రెండు చేతులూ పట్టుకోవాల్సింది. నేనేమన్నానో తెలుసా? "షుగర్ ఎక్కువున్నది గద, అడిగిన. అడుగుడు గూడ తప్పేనా?" అన్నాను. వదిన లోపలికి వెళ్లి తల్లి కాళ్లు కడిగి గోళ్లు తీసింది. భోజనం చెయ్యమంటే ఆకలి లేదని వెళ్లిపోయింది.

సాయంత్రం మా ఆయన నా మొహం చూడకుండా, "గిప్పుడన్న అర్థమైందా?" అని అడిగాడు. నేను ఏమన్నానో రాయాలంటే సిగ్గుగా ఉంది. "ఒక్క ఆదివారం సంచి సూస్తే ఏం తేల్తది? ఇయ్యాల స్వీట్లు తేలేదు, గంతే" అన్నాను. పిల్లలకు బోర్డు మీద నేర్పే మాటే అది. ఒక్క నమూనాతో నిర్ధారణకు రాకూడదని రోజూ గొంతు చించుకుంటాను. దాన్ని తీసుకొచ్చి నా తప్పు కప్పుకోవడానికి వాడుకున్నాను, ఛీ!

తర్వాత ఆదివారం వదిన రాలేదు. ఆ పై ఆదివారం కూడా రాలేదు. మిషన్ మీద పని ఎక్కువుందని తమ్ముడికి ఫోన్ చేసి చెప్పింది. అత్తమ్మ ఆదివారం పొద్దున్నే లేచి, తల దువ్వుకోకుండా మంచం మీద కూర్చునేది. ఆటో చప్పుడైతే తల ఎత్తేది. మధ్యాహ్నం దాటాక తనే దువ్వుకునేది, పాపిడి వంకరగా వచ్చేది. నేను దువ్వుతానంటే, "అయిపాయె బిడ్డా, నువ్వు పని జూస్కో" అనేది.

ఇట్లా కొన్ని ఆదివారాలు వదిన రాకుండా పోయాక షుగర్ మళ్లీ చేయిస్తే, మళ్లీ అంతే ఉంది. నా క్లాసులో అందరికన్నా వెనక బెంచీ పిల్ల కూడా చెప్తుంది, ఇక్కడ నిర్ధారణ కొట్టుకుపోయిందని. కారణం అనుకున్నది తీసేసినా ఫలితం మారకపోతే అది కారణం కాదు. నేను మాత్రం మాత్రలు సరైనవి కావని డాక్టరమ్మతో గొడవ పడ్డాను. ఆమె ఓపికగా విని, కన్ను ఇంకా ఎక్కువ రోజులు ఆగదమ్మా అంది.

అదే వారం క్లాసులో ఒక ప్రశ్న వచ్చింది. ఒక ఆఫీసులో మేనేజరే ఒక్కొక్కరినీ పిలిచి, ఇక్కడ మీకేమైనా ఇబ్బంది ఉందా అని అడిగాడు. అందరూ లేదన్నారు. కాబట్టి ఆఫీసులో ఎవరికీ ఇబ్బంది లేదు. పిల్లలు గట్టిగా నవ్వారు. ఒకమ్మాయి లేచి, "మేడమ్, ఎవరిని అడిగిన్రు, ఏమని అడిగిన్రు అంటరు గద మీరు. ఎవరు అడిగిన్రు అని గూడ సూడాలె గద?" అంది. శభాష్ అన్నాను. ఏది పెట్టినా మంచిగున్నదనే ముసలామె మా ఇంట్లోనే ఉందని, అడిగే మేనేజరు నేనేనని, అప్పుడు కూడా నాకు తట్టలేదు.

శ్రావణంలో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. కన్ను బాగుపడాలని అత్తమ్మ మొక్కుకుంది. అపార్ట్‌మెంట్‌లో అందరినీ బొట్టు పెట్టి పిలవాలి. అన్ని ఇళ్లలోనూ చనువు ఆమెకే కాబట్టి అత్తమ్మ ముందు నడిచింది, నేను కుంకుమ భరిణె పట్టుకుని వెనక నడిచాను. కనపడని మనిషి మెట్లు లెక్కపెట్టుకుంటూ ప్రతి తలుపు ముందు సరిగ్గా ఆగింది.

మొదటి ఇంట్లో బొట్టు పెట్టి లేవబోతే, కూర్చోండి కూర్చోండి అని ఛాయ్ తెచ్చారు. గిన్నెలో మరుగుతున్నదే వంచి ఇచ్చారు. బొట్టు పెట్టడానికి పోయి ఆ ఇంటివాళ్లు ఇచ్చింది వద్దంటే వాళ్లకు ఎంత చిన్నతనం! తాగాను. పాకంలా ఉంది. చక్కెర లేని ఛాయ్‌కి అలవాటు పడ్డ నాలుక కదా, జివ్వుమంది. రెండో ఇంట్లో అదే మర్యాద. సగం గ్లాసు చాలమ్మా అంటే, గింతేనా అని నవ్వుతూ నిండుగా పోశారు. మూడో ఇంట్లో అల్లం వేసి ఇచ్చారు. తర్వాత నేను లెక్క మర్చిపోయాను. ఎక్కడికి పోయినా అత్తమ్మ గ్లాసు అత్తమ్మకు అడక్కుండానే చేతికి వచ్చింది. ఇంట్లోవాళ్లు ఆమె వేళ్లు పట్టుకుని గ్లాసు చుట్టూ పెడుతున్నారు. ఆమె ఊదుకుంటూ తాగుతూ వాళ్ల పిల్లల చదువుల గురించి అడుగుతోంది. ఎవరైనా ప్లేటులో బిస్కట్లో మురుకులో తెస్తే మాత్రం, "వద్దు బిడ్డా, నాకు పథ్యం. మా కోడలు జూసినవా, పాపం ఎంత తిప్పలు వడుతున్నదో" అని ప్లేటు నెట్టేస్తున్నది. నా పరువు కాపాడుతున్నాననుకుని నెట్టేస్తున్నది. నేను అది చూస్తూనే ఉన్నాను. చూసి, పెద్దామె నోరు ఎంత కట్టుకుంటున్నదో అని కళ్లు చెమర్చాయి కూడా. నా బుర్రకు అంతకన్నా ముందుకు పోవడం చేతకాలేదు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన డ్యూటీ దిగి వచ్చి ఉన్నాడు. నేను కుర్చీలో కూలబడితే, "ఇంత సేపా? మధ్యాహ్నం నుంచి ఏమన్నా తిన్నవా?" అని అడిగాడు.

"ఏం తినలే" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి రావడం, నా చెవులకు వినపడటం ఒక్కసారే జరిగాయి. నా నాలుక మీద చక్కెర ఇంకా బంకలాగా అంటుకుని ఉంది. కడుపు నిండా ఛాయే ఉంది. నేను అబద్ధం చెప్పలేదు. నిజంగానే నేను ఏమీ తినలేదు. మా దిక్కు ఛాయ్ తాగడాన్ని తినడం అని ఎవరంటారు? అది ఇంటికొచ్చిన మనిషికి ఇచ్చే మర్యాద. తలుపులన్నీ కొట్టి నేను అడిగింది తింటున్నదా అని. వాళ్లు చెప్పింది నిజం, తినడం లేదని. అత్తమ్మ నా మీద ఒట్టేసి చెప్పింది నిజం. ఒకావిడైతే ఉత్త ఛాయ్ తాగి లేస్తదని నోరు తెరిచి చెప్పింది కూడా. మా ఇంట్లో ఛాయ్‌లో చక్కెర లేదు కాబట్టి, లోకంలో ఎవరి ఛాయ్‌లోనూ లేదనుకుని తల ఊపి వచ్చేశాను. ఏ ఇంటికి ఆ ఇల్లు ఒక్క గ్లాసే కదా ఇచ్చింది. అన్ని గ్లాసులూ కలిపి చూడాల్సింది నేను. ఎవర్ని అడిగిన్రు, ఏమని అడిగిన్రు! నా గొంతే నాకు పిల్లల వెక్కిరింతలాగా వినపడింది.

అత్తమ్మకు చెప్తే తెల్లబోయింది. "ఛాయ్ గూడ లెక్కనేనా బిడ్డా?" అని అడిగింది. నా మొహం ఆమెకు కనపడనందుకు ఆ పూట నేను బతికిపోయాను.

మర్నాడు క్లాసు ఎగ్గొట్టి ఉప్పల్ పోయాను. వదిన మిషన్ ముందు కూర్చుని బ్లౌజు చేతులు కుడుతున్నది. నన్ను చూసి లేచి కుర్చీ మీది బట్టలు తీసింది. నేను కూర్చోలేదు. "తప్పైంది వదినా. ఛాయ్‌లల్ల చక్కెరొదినా అది. అన్నిళ్లల్ల తాగింది. నువ్వు గాదు. నేను నిన్ను... అందరి ముంగట..." అని ఇంకేమీ రాక ఏడ్చేశాను.

వదిన నా భుజం మీద చెయ్యి వేసింది. "ఊకో పిల్లా. పోనీ తియ్యి. నేనేం మనసుల వెట్టుకోలే."

"మరి ఆదివారం వస్తవా?"

"ఎందుకు రాను? మా అమ్మ లేదా ఆడ?"

ఛాయ్ పెట్టనా అని అడిగింది. నవ్వుదామని చూశాను, రాలేదు. తిరిగి వస్తుంటే నా గుండె తేలిక పడాలి. పడలేదు. నేనేం మనసుల వెట్టుకోలే అన్నది ఆమె, నిజమే. కానీ అడిగింది ఎవరు? ఏడుస్తూ గుమ్మంలో నిలబడ్డ తమ్ముడి పెళ్లాం. అట్లాంటి మనిషికి ఎవరైనా ఇంకేం జవాబు చెప్తారు? జీవితంలో మొదటిసారి ఒక ప్రశ్నను సరిగ్గా సాధించాను, అది నాకే ఎదురు తిరిగింది.

అపార్ట్‌మెంట్‌లో అన్ని ఇళ్లకూ మళ్లీ పోయాను. ఈసారి అడగడానికి కాదు, చెప్పడానికి. అయ్యో, మాకు తట్టనే లేదమ్మా అని అందరూ నొచ్చుకున్నారు. ఇప్పుడు అత్తమ్మ పోతే చక్కెర లేకుండా వేరే గిన్నెలో పెట్టి ఇస్తున్నారు. షుగర్ దిగింది. డాక్టరమ్మ రిపోర్టు చూసి, భేష్, ఏం జేసిన్రు అని అడిగింది. నేను నేల చూపులు చూశాను. ఆపరేషన్ అయింది. ఒక కంటికి చూపు వచ్చింది, రెండోది తర్వాత చేస్తారు. కట్టు విప్పిన రోజు అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఇంత సిక్కినవేంది బిడ్డా" అంది.

వదిన ప్రతి ఆదివారం వస్తుంది, అన్న మాట తప్పలేదు. అత్తమ్మకు చూపు వచ్చినా గోళ్లు మాత్రం కూతురే తీయాలి. నన్ను చూసి నవ్వుతుంది, వంట బాగుందంటుంది, భోజనం చేసి పోతుంది. సంచి మాత్రం తేవడం లేదు. తువ్వాలు, నెయిల్ కట్టర్, నూనె అన్నీ మా ఇంట్లోనే అత్తమ్మ అలమారలో పెట్టేసింది. ఉత్త చేతులతో వస్తుంది, ఉత్త చేతులతో పోతుంది.

ఇంకొకటి. ఆమె ఇప్పుడు గది తలుపు వెయ్యడం లేదు. హాల్లో కూర్చున్న నాకు అన్నీ కనపడేలా బార్లా తెరిచి పెట్టి తల్లి కాళ్లు కడుగుతుంది. అత్తమ్మకు అది ఎంత నామోషీయో నాకు తెలుసు. కుచ్చిళ్లు పైకి పట్టుకుని, నేను అటు చూస్తే కాలు వెనక్కి లాక్కుంటుంది. పోయిన ఆదివారం నేను ఉండబట్టలేక లేచి వెళ్లి, తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాను. కాసేపటికి వదిన లేచి వచ్చి తలుపు మళ్లీ తెరిచింది. అది వెనక్కి కొట్టుకురాకుండా అడ్డం ఒక స్టూలు కూడా పెట్టి, నా వైపు చూసి మామూలుగా నవ్వి, లోపలికి వెళ్లింది.